నాతో పాటు పెరగని మేకు

నాకు ఏడేళ్ళప్పుడు, తాతయ్య పనిశాల వెనక ఉన్న టేకు చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాను. అన్నయ్య నా నడినెత్తి మీద స్కేలు పెట్టి, అది చెట్టుకి తగిలిన చోట సుద్దతో గీత గీశాడు. వానకి సుద్ద చెరిగిపోతుందని తాతయ్య డబ్బాలోంచి రెండంగుళాల మేకు తెచ్చి ఆ గీత మీద సగం దాకా దిగ్గొట్టాం. నేల నుంచి సరిగ్గా మూడడుగుల పదంగుళాలు. టేపుతో కొలిచి నోటు పుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

ఏడాదిలో నేనెక్కువ పెరుగుతానా, చెట్టు ఎక్కువ పెరుగుతుందా అని పందెం. చెట్టే గెలుస్తుందని ఇద్దరికీ గట్టి నమ్మకం. మేకు ముందు అన్నయ్య తల దాటుతుంది, తర్వాత తాతయ్య తల దాటుతుంది, చివరికి నిచ్చెన వేస్తే గానీ అందదు అనుకున్నాం. నిచ్చెన ఎవరు ఎక్కాలి, ఎవరు పట్టుకోవాలి అన్నదాని మీద గొడవ కూడా పడ్డాం.

ఏడాది తిరిగింది. మళ్ళీ వెళ్ళి నిలబడ్డాను. మేకు నా నుదుటి దగ్గరుంది.

తల పైకెత్తి చూస్తే చెట్టు పనిశాల కప్పుని ఎప్పుడో దాటేసింది. మేకు మాత్రం కదల్లేదు. నాకు ఏం అర్థం కాలేదు. "తాతయ్యా, చెట్టు ఓడిపోయింది" అని పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆయన చేతిలోని చిత్రిక పక్కన పెట్టి, లేచి, నాతో పాటు చెట్టు దాకా వచ్చారు. మేకు మీద వేలు పెట్టి కాసేపు చూశారు.

"నీలాగా చెట్టు మొత్తం సాగదు అమ్మడూ. నిరుడు పుట్టిన చెక్క ఎక్కడుందో ఈ ఏడూ అక్కడే ఉంటుంది. పొడుగు పెరిగేది చివర్లలో. లావు పెరిగేది బెరడు కింద. మిగతాదంతా ఎక్కడిదక్కడే."

కింద ఉన్న కొమ్మ మోడు చూపించి, "ఇది కూడా అంతే. ఇది పుట్టినప్పుడూ ఇదే ఎత్తులో పుట్టింది" అన్నారు. నేను వెంటనే నమ్మలేదు. ఇంకో రెండేళ్ళు కొలుస్తూనే ఉన్నాను. నమ్మకం కుదిరేసరికి మేకు నా భుజం దగ్గరికి వచ్చేసింది.

బెరడు కింద ఏముందో కూడా ఆయనే చూపించారు. కొట్టేసిన పచ్చికొమ్మ ఒకటి తీసుకుని బెరడు ఒలిచి, లోపలి చెక్కని తాకమన్నారు. వేలు జారింది. చల్లగా, జిగటగా ఉంది. కంటికి విడిగా కనపడనంత సన్నని ఆ తడి పొరే చెట్టు లావు పెరగడానికి మూలం అన్నారు. దాని పేరు కేంబియం అని హైస్కూల్లో చదువుకున్నాను. అది లోపలి వైపుకి చెక్కని, బయటి వైపుకి నారని చేస్తుంది. బలమైన మాను మొత్తానికి సజీవంగా ఉండి కొత్త చెక్కని కనే భాగం అంత సన్నని పొర. చుట్టూ వలయంలా దాన్ని కోసేస్తే ఎంత పెద్ద చెట్టయినా నిలువునా ఎండిపోతుంది. బర్మా అడవుల్లో టేకుని అలాగే కోసేవాళ్ళు. మాను మొదలు దగ్గర చుట్టూ గాడి పెట్టి రెండు మూడేళ్ళు నిలబెట్టి వదిలేసేవాళ్ళు. పచ్చి టేకు దుంగ నీళ్ళలో మునిగిపోతుంది. నిలువునా ఎండాక కొడితే తేలుతుంది, నదిలో వదిలి కిందికి తెచ్చుకోవచ్చు.

టేకు లేతాకుని అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది. మా చిన్నప్పుడు మాకు ఆ చెట్టుతో అన్నిటికంటే ఎక్కువ సంబంధం అదే. దెబ్బ తగిలిందని ఎర్రటి అరచేతులు చూపించి ఎంతమందిని భయపెట్టామో.

తాతయ్య వడ్రంగి. నాన్న ఆ పనిలోకి వెళ్ళలేదు, అన్నయ్య వెళ్ళాడు. నేను సెలవులన్నీ ఆ పనిశాలలోనే గడిపాను. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుంటూ లేచే చెక్క పొట్టు, టేకుకి ఉండే ఆ తోలు లాంటి నూనె వాసన, రంపం ఆగినప్పుడు ఒక్కసారిగా పరుచుకునే నిశ్శబ్దం. టేకు కోసినప్పుడల్లా పనిముట్లు తొందరగా మొండిబారేవి. ఆయన సాన మీద ఉలి నూరుతూ, "లోపల ఇసకుంటుంది దీనికి" అనేవారు. ఊరికే అంటున్నారనుకున్నాను. నిజంగానే టేకు చెక్కలో సిలికా ఉంటుంది. ఇసకలో ఉండేదీ సిలికానే.

పలక చేతికి రాగానే ఆయన ముందు చూసేది దాని కొసని. అడ్డంగా కోసిన ఆ కొసలో వలయాల ముక్కలు వంపు గీతల్లా కనిపిస్తాయి. "గుండె ఎటుందో చెప్పు" అని నన్ను అడిగేవారు. వంపు లోపలి వైపు ఎటుంటే చెట్టు గుండె అటు. అది తెలిస్తే ఆ పలక ఎటు వంగుతుందో తెలుస్తుంది. గుండె వైపు ముఖం ఉబ్బి, బెరడు వైపు ముఖం దొప్పలా అవుతుంది. ఆరే కొద్దీ వలయాల గీతలు తిన్నగా సాగాలని చూస్తాయి అని గుర్తు పెట్టుకోమనేవారు. నాకు తెలిసిన పాఠాలన్నిటిలో ఇంతగా పనికొచ్చినది ఇంకోటి లేదు. ఈ రోజుకీ ఎవరింట్లో బల్ల చూసినా నా కళ్ళు ముందు దాని కొస వైపే వెళ్తాయి.

ఎందుకలా అవుతుందో తర్వాత చదువుకున్నాను. చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట, అన్నీ చెట్టు నిలువున ఉంటాయి. పచ్చి చెక్క ఆరేటప్పుడు ముందు ఆ గొట్టాల బోలులో ఉన్న నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాక గొట్టాల గోడల్లో ఇంకిన నీరు పోవడం మొదలవుతుంది. అప్పటి నుంచి చెక్క ముడుచుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. పొడవున దాదాపు ఏమీ ఉండదు. గుండె నుంచి బెరడు వైపు కొంత, వలయాల వెంబడి చుట్టూ దానికి ఇంచుమించు రెట్టింపు. ఈ తేడా వల్లే పలక దొప్పబడుతుంది, దుంగ గుండె దాకా బీట తీస్తుంది. పైగా ఆరిపోయింది కదా అని చెక్క అక్కడితో ఊరుకోదు. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. చెట్టుని కొట్టి వందేళ్ళయినా ఆ అలవాటు పోదు.

దీన్ని నేను పుస్తకం కంటే ముందు ఒక తలుపు దగ్గర నేర్చుకున్నాను.

నాకు పదమూడేళ్ళు. చిన్న అలమరకి తలుపు చెయ్యడానికి తాతయ్య నన్ను చేతి కింద పెట్టుకున్నారు. నాలుగు వైపులా చట్రం, మధ్యలో వెడల్పాటి పలక. చట్రం లోపలి అంచు వెంబడి గాడి తీశారు, పలక అంచులు ఆ గాడిలో కూర్చుంటాయి. చట్రం మూలల్లో నాలుకలా చెక్కిన కొసలకి జిగురు రాసి, బెజ్జాల్లో దించి బిగించమన్నారు. "పలకకి మాత్రం జిగురు తగలనివ్వకు" అని చెప్పి ఏదో పని మీద బయటికెళ్ళారు.

పలకని గాడిలో పెట్టి కదిపితే టకటకా ఆడింది. ఇంత వదులుగా ఉంటే పని బాగుండదు కదా అనిపించింది. ఆయన మర్చిపోయారేమో, నేను సరిచేస్తే మెచ్చుకుంటారేమో అనుకున్నాను. గాడి పొడవునా జిగురు నింపి, పలక దించి, బిగించేశాను. కదల్లేదు. చాలా గర్వంగా అనిపించింది. ఆయన వచ్చి చూసి బాగుందన్నారు. నేను చెప్పలేదు.

ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం పనిశాలలో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే పలక పై నుంచి కింది దాకా నిలువునా చీలింది. చీలికలోంచి అలమరలోని చీకటి కనిపిస్తోంది. తాతయ్య గాడిలో గోటితో గీకారు. ఎండిన జిగురు పొలుసులా ఊడొచ్చింది. నాకు కాళ్ళు వణికాయి.

తిట్టలేదు. తలుపు ఊడదీసి నా ముందు బల్ల మీద పెట్టి, "దానికి ముడుచుకోవాలని ఉంది. నువ్వు రెండు వైపులా పట్టుకున్నావు. ఇంకేం చేస్తుంది?" అన్నారు. తర్వాత కొత్త పలక తీసి, చట్రంలో పెట్టక ముందే దానికి అంచుల దాకా పాలిష్ వేయించారు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. అంచు గాడిలో దాక్కుంటుంది కదా, కనపడని చోట పాలిష్ ఎందుకు అనుకున్నాను గానీ, ఆ రోజు ప్రశ్నలడిగే ధైర్యం లేదు.

వాసాలు, స్తంభాలు నిలబెట్టేటప్పుడు మొదలు కిందికి, కొస పైకి ఉండేలా చూసుకోవడం ఆయన పద్ధతి. కోసి చెక్కేసిన స్తంభంలో ఏది మొదలో ఏది కొసో ఎలా తెలుస్తుందంటే ముడుల వైపు చూపించేవారు. చెక్కలో ముడి అంటే ఒకప్పటి కొమ్మ మొదలు. కొమ్మ పైకి వాలి పెరుగుతుంది కాబట్టి ముడి చుట్టూ చెక్క గీతలు పోయే తీరు చూస్తే చెట్టు ఎటు నిలబడిందో తెలిసిపోతుంది. కొమ్మ బతికి ఉండగా కలిసిన ముడి చెక్కలో గట్టిగా అతుక్కుని ఉంటుంది. కొమ్మ చచ్చాక మాను దాని చుట్టూ పెరిగితే ఆ ముడి వదులుగా ఉండి ఎప్పుడో ఒకప్పుడు ఊడి పడుతుంది.

జపాన్‌లోని హొర్యూజీ ఆలయం గురించి చదివినప్పుడు నాకు తాతయ్యే గుర్తొచ్చారు. ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాల్లో అదొకటి. అక్కడి అయిదంతస్తుల గోపురం మధ్య స్తంభానికి వాడిన చెట్టుని 594లో కొట్టారని వలయాల లెక్క చెబుతోంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఆలయానికి మరమ్మతులు చేసిన నిషియోకా ట్సునెకాజు అనే వడ్రంగి, కలపని విడిగా చూడకూడదు, కొండని చూసి తెచ్చుకోవాలని, చెట్టు కొండకి ఏ దిక్కున పెరిగిందో కట్టడంలోనూ ఆ దిక్కునే నిలబెట్టాలని తన పూర్వీకుల నుంచి నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరినీ ఒక చెట్టు కింద కూర్చోబెడితే భాష రాకపోయినా సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్ళని నాకు అనిపిస్తుంది.

ఒక్క విషయంలో తాతయ్య చెప్పింది తప్పయింది. ఇంత చెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడిగితే, "మట్టిలోంచి, ఇంకెక్కణ్ణుంచి?" అన్నారు. మరి చెట్టు కింద గొయ్యి పడాలి కదా అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "పడాలి" అన్నారు. ఇద్దరం వెళ్ళి చెట్టు మొదలు చూశాం. గొయ్యి లేదు.

మా ఇద్దరి కంటే ముందు వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్తకి ఇదే సందేహం వచ్చింది. 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి 5 ఏళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది. మట్టిలో తగ్గింది సుమారు 2 ఔన్సులు. ఆయన పోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఉంది ఇదంతా. చెట్టు మొత్తం నీళ్ళ నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. నీళ్ళ వాటా ఉంది గానీ, ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బన్, అది ఆకులు పీల్చుకున్న గాలిలోది. గ్యాస్ అనే మాటని పుట్టించింది వాన్ హెల్మాంటే. బొగ్గు కాలితే వచ్చే వాయువుని గుర్తించింది కూడా ఆయనే. తన విల్లో చెట్టు తింటున్నది ఆ వాయువునే అని మాత్రం తట్టలేదు. ఈ సంగతి చదివే నాటికి తాతయ్య లేరు. దూలాలు, తలుపులు, తన ఉలి పిడి, అన్నీ గాలితో అయినవేనని ఆయనకి చెప్పాలని ఎంత అనిపించిందో.

మేకుని చెట్టు మెల్లగా మింగేసింది. నేను హైస్కూల్లో ఉండగా మేకు తల మాత్రమే కనిపించేది, బెరడు దాని చుట్టూ పెదవుల్లా ఉబ్బింది. కాలేజీ నుంచి సెలవులకి వచ్చినప్పుడు చూస్తే బెరడు మీద చిన్న మడత. ఆ తర్వాత అదీ లేదు. చెట్టుకి నొప్పి తగ్గిందని ఊరట పడ్డాను. చెట్టు గాయం మన గాయంలా మానదని అమెరికాలో వేల చెట్లని నిలువునా కోసి చూసిన అలెక్స్ షైగో తేల్చాడు. దెబ్బ తగిలిన చోటు మళ్ళీ మామూలు కాదు. చెట్టు దాని చుట్టూ గోడ కట్టి, మిగతా చెక్కకి కుళ్ళు పాకకుండా మూసేసి, పై నుంచి కొత్త చెక్క పెంచుకుంటూ పోతుంది. నేను కొట్టిన మేకు అలాగే లోపల ఉండిపోయింది.

నా ముప్పై ఎనిమిదో ఏట, పెద్ద గాలివానకి చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు. మర్నాడు వెళ్ళాను. పనిశాల వెనక అంత ఆకాశం ఉందని అంతకు ముందెప్పుడూ చూడలేదు.

దుంగని సామిల్లుకి తీసుకెళ్ళాం. ఇళ్ళ పక్కన పెరిగిన చెట్లంటే అక్కడివాళ్ళకి టెన్షన్. లోపల మేకో తీగో ఉంటే రంపం పళ్ళు విరుగుతాయి, ముక్క ఎగిరి మనిషికి తగలొచ్చు. మేకులేమైనా ఉన్నాయా అని రంపం దగ్గరున్న పెద్దాయన అడిగారు.

"ఒకటుందండీ" అన్నాను.

"ఎక్కడుందో ఏం తెలుస్తుందమ్మా ఇన్నేళ్ళకి? చెట్టు ఎంత పెరిగుంటుంది?"

"నేల నుంచి మూడడుగుల పదంగుళాల్లో ఉందండీ. కదల్లేదు."

ఆయన నన్ను వింతగా చూశారు. అన్నయ్య టేపు తీసి, చెట్టు వేళ్ళ మీద మట్టి మరక ఆగిన చోటి నుంచి కొలిచాడు. దానికి కాస్త కింద ఒకటి, పైన ఒకటి గుర్తు పెట్టి, ఆ రెండు చోట్లా దుంగని అడ్డంగా కోయించి, మధ్య ముక్కని పక్కకి తీశాం. తర్వాత ఆ ముక్కని ఉలితో జాగ్రత్తగా చీల్చాడు. బెరడుకి నాలుగైదంగుళాల లోపల, గోధుమ రంగు చేవలో, మేకు అడ్డంగా పడుకుని ఉంది. దాని చుట్టూ చెక్క ముదురు రంగుకి తిరిగింది.

అప్పటి దాకా ఆగాను గానీ, దాన్ని చూశాక ఏడుపు ఆగలేదు. నేను మేకు కొట్టినప్పుడు ఆ చోట ఉన్నది బెరడు పక్కన ఉండే తెల్లచెక్క. అప్పుడు అందులో నీరు పారేది. ఏళ్ళు గడిచే కొద్దీ దాని మీద కొత్త చెక్క చేరి, ఇది లోపలికయి, పని మానేసి, చేవగా గట్టిపడింది. చెదలు ముట్టనిది చేవని, తెల్లచెక్కని మాత్రం వదలవని తాతయ్య చెప్పేవారు. చేవలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. చెట్టుని నిలబెట్టేది, మన ఇళ్ళని నిలబెట్టేది అదే.

నున్నగా చిత్రిక పట్టించి వలయాలు లెక్కపెట్టాం. టేకు ఏటా ఆకు రాల్చి మళ్ళీ చిగురిస్తుంది. చిగురించినప్పుడు వేసే చెక్కలో పెద్ద పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి కాబట్టి వలయాలు తేటగా కనిపిస్తాయి. బెరడు నుంచి మేకు దాకా 31. నాకు ముప్పై ఎనిమిది, అప్పుడు ఏడు. లెక్క సరిపోయింది. మేకు నుంచి గుండె దాకా ఇంకో 14. ఒక చోట మూడు వలయాలు దగ్గర దగ్గరగా, గోటితో గీసినంత సన్నగా ఉన్నాయి. వానలు సరిగ్గా పడని ఏళ్ళవి. అన్నయ్య వేలు పెట్టి అవి ఏ ఏళ్ళో చెప్పాడు. మేమిద్దరం గుర్తుపట్టాం.

వలయాల్ని ఇలా చదవడాన్ని శాస్త్రంగా నిలబెట్టింది ఎ.ఇ. డగ్లస్. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యుడి మీద మచ్చల లెక్క చెట్లలో దొరుకుతుందేమోనని మొదలుపెట్టాడు. బతికున్న చెట్ల వలయాల్ని పాత ఇళ్ళ దూలాల వలయాలతో జత చేస్తూ వెనక్కి వెళ్ళాడు. మధ్యలో ఒక ఖాళీ మిగిలింది. 1929లో ఆరిజోనాలోని షో లో అనే ఊళ్ళో శిథిలాల కింద సగం కాలిన దుంగ దొరికింది. దాని వలయాలు రెండు వైపులా అతికాయి. ఎప్పటివో తెలియని ఎన్నో పాత ఇళ్ళకి ఒక్కసారిగా ఏడాదితో సహా తేదీలు తెలిశాయి.

దుంగని పలకలుగా కోయించి, కొసలకి రంగు పూసి, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడలో దొంతరగా పేర్చాం. కొస నుంచి తేమ తొందరగా పోతుంది కాబట్టి బీటలు ముందు అక్కడే మొదలవుతాయి. అంగుళం మందానికి ఏడాది అన్నది తాతయ్య లెక్క. రెండేళ్ళు ఆగాం. ఇప్పుడు యంత్రాలతో తొందరగా ఆరబెడతారని, పలకల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా అతికించి, ఒకదాని కదలికని ఇంకోటి ఆపేలా చేసి పెద్ద పెద్ద భవనాలు కడుతున్నారని అన్నయ్యకి తెలుసు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ చెక్క భవనం 85 మీటర్ల ఎత్తుంది. దాని ఫోటోలు నాకు పంపిందీ వాడే. అయినా ఈ చెట్టుని మాత్రం తొందరపెట్టకూడదనుకున్నాం.

ఆ చెక్కతో మా ఇంటికి ఒక తలుపు చేశాడు. చట్రం, గాడి, మధ్యలో వెడల్పాటి పలక. పలకకి జిగురు తగల్లేదు, వేలితో కదిపితే కొంచెం ఆడుతుంది. బిగించాక పాలిష్ నేనే వేస్తానని పట్టుబట్టి వేశాను. బిగించక ముందు పలక అంచులకి వెయ్యాలని ఇద్దరం మర్చిపోయాం.

మొదటి ఎండాకాలం రాగానే పలక పక్కన, పై నుంచి కింది దాకా, పాలిష్ తగలని సన్నని గీత ఒకటి బయటపడింది. లేత రంగులో, దారమంత వెడల్పు. తాతయ్య ఆ రోజు అంచుల దాకా పాలిష్ ఎందుకు వేయించారో అప్పుడు అర్థమైంది. సరిచేస్తానని అన్నయ్య అన్నాడు. వద్దన్నాను. ప్రతి ఏడూ ఎండలు ముదిరాక ఆ గీత కనిపిస్తుంది. నాలుగు వానలు పడగానే గాడిలోకి వెళ్ళిపోతుంది.